‘అన్నీ చేస్తాం’ అని రాయకండి



నడి వేసవిలో బోరు మోటారు కాలిపోయిందనుకోండి. రైతు దాన్ని ఆటోలో వేసుకుని ఎక్కడికి వెళ్తాడు? ‘ఇచ్చట అన్ని వస్తువులూ లభించును’ అని బోర్డు పెట్టిన కొట్టుకి వెళ్లడు. మోటారు వైండింగ్ షాపుకి వెళ్తాడు. అక్కడ బోర్డు రంగు వెలిసిపోయి ఉండొచ్చు. కానీ గుమ్మం ముందు విప్పిపెట్టిన మోటార్లు, రాగి తీగ చుట్టలు కనిపిస్తాయి. రైతుకి ఆ నమ్మకం చాలు.

అమెరికా ఫెడరల్ ప్రభుత్వంలో కాంట్రాక్టులు చూసే అధికారి పరిస్థితీ అంతే. ఆవిడ బల్ల మీద ఒక పని ఉంటుంది, దానికో గడువు ఉంటుంది. ఆ పని తెలిసినవాళ్లెవరా అని వెతుకుతుంది. అప్పుడు ఆవిడ కళ్లబడాల్సిన మన షాపు గుమ్మమే క్యాపబిలిటీ స్టేట్‌మెంట్. ఒక్క పేజీ, మహా అయితే రెండోవైపు కూడా. అమెరికాలో చిన్న కంపెనీలు నడుపుతున్న మన తెలుగువాళ్ల కోసం ఇవాళ దాని గురించి మాట్లాడుకుందాం.

ముందుగా మన అలవాటు ఒకటి ఒప్పుకోవాలి. మనలో చాలామంది ఐటీ కన్సల్టెన్సీల నుంచి వచ్చినవాళ్లం. బెంచ్ మీద ఉన్నవాళ్లందరితో ఒక హాట్‌లిస్ట్ చేసి, దొరికిన ప్రతి వెండరుకీ పంపడం మనకి వెన్నతో పెట్టిన విద్య. జావా ఉంది, సేల్స్‌ఫోర్స్ ఉంది, క్లౌడ్ ఉంది, ఇప్పుడు ఏఐ కూడా ఉంది. ఏదో ఒకటి తగలకపోతుందా అని మన ఆశ. ప్రభుత్వం దగ్గర ఈ వల పనిచెయ్యదు. ఎనిమిది మంది ఉన్న కంపెనీ ఇరవై రకాల పనులు చేస్తామంటే, చదివే మనిషికి ఒకటే అనుమానం వస్తుంది: వీళ్లకి నిజంగా వచ్చిన పని ఏది?

అసలు ప్రభుత్వం చిన్న కంపెనీల వైపు ఎందుకు చూస్తుంది? 1953 నాటి స్మాల్ బిజినెస్ చట్టం ఉంది. నేరుగా ఇచ్చే ప్రైమ్ కాంట్రాక్టుల డబ్బులో కనీసం 23 శాతం చిన్న కంపెనీలకి వెళ్లాలన్నది ప్రభుత్వం లక్ష్యం. దానికోసం పెద్ద శాఖలన్నిటిలోనూ చిన్న కంపెనీల వ్యవహారాలు చూసే ఆఫీసులున్నాయి. అంటే చిన్నగా ఉండటం ఇక్కడ లోపం కాదు. అస్పష్టంగా ఉండటం లోపం.

ఇక క్యాపబిలిటీ స్టేట్‌మెంట్ అనే ఈ కాగితంలో నాలుగు భాగాలు ఉంటాయి. మీరు చేసే పనులు, ఇదివరకు చేసి చూపించినవి, మీ ప్రత్యేకత, మీ కంపెనీ వివరాలు. మాటవరసకి ఒక కంపెనీని తీసుకుందాం. వర్జీనియాలో ఒక తెలుగావిడ నడుపుతోంది, ఎనిమిది మంది పనిచేస్తున్నారు. చూపులేనివాళ్లు కూడా స్క్రీన్ రీడర్ సాయంతో వాడుకోగలిగేలా వెబ్‌సైట్లని పరీక్షించి సరిచేయడం వాళ్ల పని. రిహాబిలిటేషన్ చట్టంలోని 508వ సెక్షన్ ప్రకారం ఫెడరల్ శాఖల వెబ్‌సైట్లన్నీ అలా ఉండాలి. కాబట్టి ఈ పనికి గిరాకీ ఉంది.

ఆవిడ మొదట ఇలా రాసుకుందనుకోండి: ‘మేము నాణ్యమైన, వినూత్నమైన సమగ్ర ఐటీ పరిష్కారాలు అందిస్తాం.’ ఈ వాక్యం మీద ఏ కంపెనీ పేరు పెట్టినా సరిపోతుంది. అదే దాని జబ్బు. దాన్ని కొట్టేసి ఇలా రాయమందాం: ‘వెబ్‌సైట్లు, పీడీఎఫ్‌లు 508 సెక్షన్ ప్రకారం ఉన్నాయో లేదో పరీక్షిస్తాం. దొరికిన తప్పులు సరిచేస్తాం. మీ సిబ్బందికి శిక్షణ ఇస్తాం.’ మూడే ముక్కలు. అధికారికి తన పని అందులో కనిపిస్తుంది.

రెండోది, చేసి చూపించినవి. ఎవరికి చేశారు, ఎప్పుడు చేశారు, ఎంత విలువైన పని, ఏం ఫలితం వచ్చింది, ఈ నాలుగూ ఉండాలి. ‘ఒక కౌంటీ వెబ్‌సైట్‌లో ఇన్ని వందల పేజీలు, ఇన్ని వారాల్లో సరిచేశాం’ అని అంకెలతో చెప్పండి. ‘మేమింకా ఫెడరల్ పని చెయ్యలేదు కదండీ’ అంటారా? కౌంటీకి చేసినా, కాలేజీకి చేసినా, ప్రైవేటు క్లయింటుకి చేసినా రాయొచ్చు. ఇంకొకరి కింద సబ్‌కాంట్రాక్టుగా చేసిందీ రాయొచ్చు, కానీ సబ్ అనే రాయాలి. మీరు పాత ఉద్యోగంలో చేసిన పనిని మీ అనుభవంగా చెప్పుకోండి, కంపెనీ అనుభవంగా కాదు. గతం లేనంత మాత్రాన ఆ విషయంలో తక్కువ చేసి చూడకూడదని చట్టమే చెబుతోంది. లేని గతాన్ని కల్పించుకున్నవాళ్లని మాత్రం ఏ చట్టమూ కాపాడదు.

మూడోది ప్రత్యేకత. అందరూ తడబడేది ఇక్కడే. అంకితభావం, నిజాయితీ, కస్టమరే దేవుడు... ఇవి ప్రత్యేకతలు కావు. మీ పోటీదారు కూడా వెంటనే ‘మేమూ అంతే’ అనగలిగితే ఆ మాట కొట్టెయ్యండి. ‘మా ఎనిమిది మందిలో ఐదుగురికి హోమ్‌లాండ్ సెక్యూరిటీ శాఖ ఇచ్చే ట్రస్టెడ్ టెస్టర్ సర్టిఫికెట్ ఉంది’ అంటే అది ప్రత్యేకత. ‘మా పరీక్షకుల్లో ఒకరు స్వయంగా స్క్రీన్ రీడర్ మీదే పనిచేసే అంధులు’ అంటే, అది ఇంకా పెద్ద ప్రత్యేకత.

నాలుగోది వివరాలు. ఇక్కడ కవిత్వం అక్కర్లేదు, తప్పులు లేకుండా ఉంటే చాలు. ప్రభుత్వ కాంట్రాక్టుల సైటు సామ్ డాట్ గవ్‌లో నమోదైతే వచ్చే పన్నెండు అక్షరాల గుర్తింపు సంఖ్య యూఈఐ, ఐదు అక్షరాల కేజ్ కోడ్, మీ పని ఏ రంగానిదో చెప్పే ఆరంకెల నేక్స్ కోడ్లు వెయ్యండి. యూఈఐకి ముందు వాడిన డన్స్ నంబరు పాత కాగితంలో ఉంటే తీసెయ్యండి. అది 2022 ఏప్రిల్‌లోనే పోయింది. సామ్‌లో నమోదుకి ఒక్క డాలరు కూడా కట్టక్కర్లేదు. ఏటా రెన్యూ చేసుకోవాలి, అదీ ఉచితమే. రుసుం కట్టమని ఈమెయిల్ వస్తే అది ప్రభుత్వం నుంచి వచ్చింది కాదని తెలుసుకోండి.

సర్టిఫికేషన్ల గురించి ఒక హెచ్చరిక. మామూలుగా చిన్న కంపెనీ అనిపించుకోవడానికి యజమానికి పౌరసత్వం అక్కర్లేదు. కానీ మహిళల కంపెనీ సర్టిఫికేషన్‌కీ, సామాజికంగా, ఆర్థికంగా వెనకబడిన యజమానుల కోసం ఉన్న 8-ఏ కార్యక్రమానికీ యజమాని అమెరికా పౌరులై ఉండాలి, గ్రీన్‌కార్డు సరిపోదు. ‘మనం భారతీయులం కదా, 8-ఏ దానంతటదే వస్తుంది’ అనే మాట కూడా పాతబడింది. వెనకబాటుని కొన్ని వర్గాలకి ముందే ఊహించుకునే పద్ధతిని 2023 జులైలో టెనెసీలోని ఫెడరల్ కోర్టు ఆపింది. దరఖాస్తు పెట్టి ఎదురుచూస్తున్నారా? అయితే కాగితం మీద ఆ సర్టిఫికేషన్ పేరు వెయ్యకండి. చేతికి వచ్చాకే వెయ్యండి.

మరి ఈ కాగితం ఎప్పుడు పంపాలి? టెండరు బయటికి వచ్చాక చూసుకుందామంటే, పెళ్లి అయిపోయాక మేళం పంపినట్టే. చాలాసార్లు అంతకంటే ముందు సోర్సెస్ సాట్ అనే ప్రకటన వస్తుంది. ‘ఈ పని చెయ్యగల చిన్న కంపెనీలు ఉన్నాయా?’ అని అధికారి అడిగే ప్రశ్న అది. చెయ్యగలవాళ్లు కనీసం ఇద్దరు, సరైన ధరకి దొరుకుతారని ఆవిడకి నమ్మకం కుదిరితే, ఆ పనిని చిన్న కంపెనీలకే కేటాయించవచ్చు. ఎవరూ పలకకపోతే ఆ అవకాశం పెద్దవాళ్లకి పోతుంది. కాబట్టి ఆ ప్రకటనలో ఆవిడ ఏ మాటలు వాడిందో చూడండి, మీ కాగితంలో ఆ పనినే పైకి తీసుకురండి. ఒక్కో ఆఫీసుకి ఒక్కో కాగితం. యూఎస్ఏ స్పెండింగ్ డాట్ గవ్‌లో ఏ శాఖ ఏ పని ఎవరి దగ్గర కొన్నదో అందరికీ కనిపిస్తుంది. రెండు సాయంత్రాలు కూర్చుని అది చదివి, వందమందికి కాదు, ముగ్గురికి పంపండి. సాయం కావాలంటే ఏపెక్స్ యాక్సిలరేటర్లు ఉన్నాయి. ఇదివరకు వాటిని పీటాక్‌లు అనేవారు. మీ కాగితం చదివి తప్పులు చెబుతారు, చాలావరకు డబ్బు తీసుకోరు.

చివరగా, మన వర్జీనియా ఆవిడ దగ్గరికే వద్దాం. కాగితం బాగా కుదిరింది. పీడీఎఫ్ చేసింది. పంపే ముందు, తన పరీక్షకుడి చేతికే ఇచ్చి స్క్రీన్ రీడర్‌లో తెరవమంది. యంత్రం ఒక్క మాట కూడా చదవలేదు. ఎందుకంటే మొత్తం పేజీ ఒక బొమ్మలా సేవ్ అయింది. వెబ్‌సైట్లు చూపులేనివాళ్లకి అందేలా చేస్తామని చెప్పే కాగితమే వాళ్లకి అందలేదు! ఆ రాత్రి కూర్చుని సరిచేసి, మర్నాడు పంపింది.

ఇది మాటవరసకి చెప్పిన కథే. కానీ మీ కాగితం పంపేముందు మీరూ ఆ పరీక్ష పెట్టుకోండి. పెయింటింగ్ కంపెనీ అయితే గీతలు వంకర పోకూడదు. అనువాదం కంపెనీ అయితే అక్షరదోషం ఉండకూడదు. లెక్కల కంపెనీ అయితే కూడిక తప్పకూడదు. వైండింగ్ షాపు గుమ్మం ముందు ఒక్క మోటారైనా తిరుగుతూ కనిపించాలి కదా.