ఇంట గెలిచాకేనా?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



2025 మార్చి 28న మయన్మార్‌లో భూకంపం వస్తే, మర్నాడే మన విమానం సుమారు 15 టన్నుల సామగ్రితో యాంగోన్‌లో దిగింది. 'ఆపరేషన్ బ్రహ్మ' అన్నారు. "ముందు ఇంట గెలవమనండి" అన్నవాళ్లూ ఉన్నారు. వాళ్లను తప్పుపట్టను. వరదొస్తే ఏటిగట్టు మీద రాత్రంతా కాపలా కాసే మనకి ఆ మాట సహజమే.

కానీ బర్మా మనకంత పరాయిదా? కాకినాడలో ఓడెక్కి రంగూన్ పోయి, కష్టపడి ఇంటికి డబ్బు పంపినవాళ్లు మన తాతల తరంలో ఎందరో! అక్కడ తెలుగువాళ్లని 'కోరంగీలు' అనేవారు, మన కోరంగి రేవు పేరుమీద.

ఇంజనీరుగా నన్ను ఆలోచింపజేసింది మాత్రం 2008 నాటి నర్గీస్ తుపాను. ఐరావతి డెల్టా అచ్చం మన కోనసీమే: వరిచేలు, కాలవలు, పల్లపు నేల. మన వాతావరణ శాఖ 48 గంటల ముందే అక్కడి ప్రభుత్వానికి చెప్పింది. అయినా లక్షమందికి పైగా పోయారు. కబురొక్కటే చాలదండీ, ఎక్కి కూర్చోడానికి ఎత్తయిన చోటుండాలి. 1996 నవంబరు 6 రాత్రి చూసిన మనకి వేరే చెప్పాలా?

అందుకే దుప్పట్లతోపాటు తుపాను షెల్టర్ల డ్రాయింగులు, కట్టిన అనుభవం ఉన్న మనుషుల్నీ పంపాలంటాను. దానివల్ల మన గట్టు మట్టేమీ తరిగిపోదు. స్తంభాల మీద లేపి కడితే కిందనుంచి నీరు పోతుంది, మామూలు రోజుల్లో బడి నడుస్తుంది. పక్కనే పశువులకి మెరక దిబ్బ కూడా వేయాలి. గేదెను వదిలి రైతు కదలడు, ఇక్కడైనా అక్కడైనా.