చేసిన చేతికి పేరు

ఉపకులపతి గారికి, పాలకమండలి సభ్యులకు, ఆచార్యులకు, పట్టాలు అందుకోబోతున్న పిల్లలకు నమస్కారం. వెనక వరుసల్లో కూర్చున్న అమ్మానాన్నలకు రెండు చేతులా నమస్కారం. చేను పని ఆపుకుని, కూలి మానుకుని, తెల్లవారకముందే బస్సెక్కి వచ్చినవాళ్లు మీలో చాలామంది ఉన్నారని నాకు తెలుసు. మర్యాదలు ఇక్కడితో చాలిస్తాను. చెప్పాల్సింది వేరే ఉంది.

నేను బొమ్మలు వేసేవాణ్ణి. అంతకంటే ఎక్కువగా, బొమ్మలు వేసేవాళ్ల పక్కన కూర్చుని వాళ్ల పనిని నోటుపుస్తకంలో రాసుకున్నవాణ్ణి. నా ఉద్యోగమంతా అందులోనే గడిచింది. మీలో కెమిస్ట్రీ వాళ్లున్నారు, కామర్స్ వాళ్లున్నారు, కంప్యూటర్ల వాళ్లున్నారు. బొమ్మల గొడవ మాకెందుకని అనుకోకండి. కాసేపు వినండి.

మన నేల సంగతి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. నైరుతి మేఘం పడమటి కనుమల దగ్గరే బరువు దించుకుంటుంది. ఈశాన్యపు వాన కోస్తాను తడిపి ఇక్కడికి చేరేసరికి చిక్కిపోతుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోయే వానను నమ్ముకుని వేరుశనగ వేసే జిల్లా ఇది. బయటివాళ్లు అనంతపురం అనగానే కరువు అంటారు, ఆ ఒక్క మాటతో ఆపేస్తారు. నేను ఇక్కడ ఇంకొకటి కూడా చూశాను. చేతికి దొరికిన వస్తువే ఈ నేలలో కళకు పద్ధతి నేర్పింది.

పోల్చి చూడటానికి శ్రీకాళహస్తి కలంకారీ తీసుకోండి. కరక్కాయ పొడి కలిపిన పాలలో గుడ్డను ముంచి ఆరబెడతారు. ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరబెట్టి కసిమి తయారుచేస్తారు. వెదురు కలంతో ఆ కసిమిని గీస్తే, కరక్కాయ పట్టిన గుడ్డ మీద గీత నల్లబడుతుంది. పటిక రాసినచోటే ఎరుపు పట్టుకుంటుంది. మధ్యమధ్య గుడ్డను పారే నీళ్లలో జాడిస్తూ ఉండాలి. అది స్వర్ణముఖి ఒడ్డు పని. చిత్రావతి ఇసుకలో అంత నీరెక్కడుంది? మనకున్నవి మేకలు, గొర్రెలు, రాళ్లు, మట్టి. అందుకే మన బొమ్మ తోలు మీదా, గుడి కప్పు మీదా నిలిచిందని నా నమ్మకం.

లేపాక్షి గుడికి మీరంతా వెళ్లే ఉంటారు. వెళ్లి ఏం చేస్తారో కూడా నాకు తెలుసు. వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి, ఫోటో దిగి, వెనక్కి తిరిగి వచ్చేస్తారు. తల పైకెత్తరు నాయనా! మీ నెత్తిమీద కిరాతార్జునీయం జరుగుతుంటుంది. అడవిపంది దూకుతుంటుంది. ద్రౌపది స్వయంవరం జరుగుతుంటుంది. ముతక గార మీద సన్నటి సున్నపు పూత, ఆ పూత మీద ఎర్రమట్టి, పసుపుమట్టి, దీపపు మసి, సున్నపు తెలుపు. ఇంత తక్కువ సరుకుతో వేసిన బొమ్మలవి. ఆడవాళ్ల బారుల్లో ఒకరి చీర ఇంకొకరి చీరలా ఉండదు. ఒకామెది చారలు, పక్కామెది గళ్లు, ఆ పక్కన లతలు. ధర్మవరం మగ్గాల మీద ఈనాటికీ ఆ గుడి అంచులు తిరుగుతున్నాయి. మీ అక్క పెళ్లిచీర కొంగు చూసుకోండి, అందులో లేపాక్షి ఉండొచ్చు.

ఆ గుడి 16వ శతాబ్దిలో, అచ్యుతదేవరాయల కాలంలో లేచింది. కట్టించినవాళ్లు విరూపణ్ణ, వీరణ్ణ అన్నదమ్ములు. విరూపణ్ణ తన కళ్లు తానే పెరికి గోడకేసి కొట్టాడన్న కథ, ఆ ఎర్రటి మరకలు, చిన్నపిల్లలకు కూడా తెలుసు. మరి పరంజా ఎక్కి, మెడ వెనక్కి వాల్చి, నెలల తరబడి ఆ కప్పు మీద కుంచె ఆడించిన మనిషి ఎవరు? ఏ ఊరు? ఎవరి దగ్గర నేర్చాడు? ఆ పేర్లు మనదాకా రాలేదు. నా జీవితమంతా నన్ను వదలని బెంగ ఇదే. కట్టించినవాడి పేరు మిగులుతుంది, చేసినవాడి పేరు పోతుంది.

ఇప్పుడు నిమ్మలకుంట గురించి చెప్తాను. ధర్మవరం దగ్గర. కొత్త జిల్లాలు వచ్చాక, 2022 నుంచి లేపాక్షిలాగే అది కూడా శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. గీతలు ఎక్కడ మారినా మనది మనదే. తోలుబొమ్మలాట ఆడే కుటుంబాల ఊరు అది. ఇళ్లలో మరాఠీ మాట్లాడుకుంటారు, తెర వెనక కూర్చుంటే తెలుగు రామాయణం పాడతారు. కరువొచ్చినప్పుడు విరాటపర్వం ఆడించడం మన పల్లెల్లో పాత నమ్మకం. బంగారక్క, జుట్టుపోలిగాడు తెర మీదికొచ్చి నవ్విస్తుంటే, వాన కోసం మేలుకున్న ఊరు తెల్లవార్లూ కూర్చునేది.

అక్కడ ఒక పెద్దాయన పక్కన కూర్చుని పని చూశాను. మేకతోలు నానబెట్టి, వెంట్రుకలు తీసి, గీకి, లాగి కట్టి ఆరబెడతారు. ఎండిన తోలును వెలుగుకు ఎదురుగా పట్టుకుంటే అవతలి చేతివేళ్ల నీడ కనిపిస్తుంది. దాని మీద గీత గీస్తారు. తర్వాత ఉలి పడుతుంది. చంద్రవంక మొన ఉన్న ఉలితో గుండ్రంగా నాలుగు దెబ్బలు వేస్తే ఒక పువ్వు. పక్కన సన్న ఉలితో ఒక చుక్క. దెబ్బ కాస్త గట్టిగా పడిందా, రెండు కోతలు కలిసిపోయి హారం తెగిపోతుంది. ఆయన మాట్లాడుతూనే కొడుతున్నారు, చెయ్యి మాత్రం తడబడలేదు. రంగు రెండు వైపులా వేస్తారు. వెనక దీపం పెట్టగానే రంగు ఉన్నచోట రంగు వెలుగుతుంది, కోసినచోట ఉట్టి వెలుగు వస్తుంది. నగలన్నీ అలా వెలుగుతో చేసినవే. భుజం, మోచెయ్యి, మోకాలు విడివిడిగా కోసి దారంతో కడతారు కాబట్టి ఆంజనేయుడు తెర మీద నిజంగా ఎగురుతాడు.

సినిమా వచ్చింది, టీవీ వచ్చింది, రాత్రి ఆటలు తగ్గిపోయాయి. ఆ చేతులు ఊరుకోలేదు. అదే తోలు, అదే ఉలితో దీపాలకు గొడుగులు, గోడకు వేలాడదీసే బొమ్మలు చేయడం మొదలుపెట్టాయి. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. పద్మశ్రీ వచ్చింది కాబట్టి ఒక పేరు మనకు తెలిసింది. మిగతావాళ్ల పేర్లు మీలో ఎందరికి తెలుసు?

ఇలా పనిని మార్చుకుని నిలిచిన ఊరు ఇంకొకటి నాకు తెలుసు. నేను చదువుకునే రోజుల్లో విశాలాంధ్ర దుకాణంలో సోవియట్ పుస్తకాలు తక్కువ ధరకు దొరికేవి. ఒకదాంట్లో నల్లటి నేల మీద ఎర్రగుర్రాలు, వాటి జూలులో బంగారు గీతలు చూసి అక్కడే నిలబడిపోయాను. అది రష్యాలో ఇవానొవొ ప్రాంతంలోని పాలెఖ్ అనే ఊరి బొమ్మల ధోరణి అని తర్వాత తెలిసింది. ఆ ఊరివాళ్లు తరతరాలుగా చర్చిలకు దేవుడి పటాలు రాసేవాళ్లు. 1917 విప్లవం తర్వాత పటాలు అడిగేవాళ్లు లేకుండా పోయారు. 1924లో కొందరు కలిసి సహకార సంఘం పెట్టుకుని, కాగితపు గుజ్జుతో చేసిన నల్లటి పెట్టెల మీద జానపద కథలు వేయడం మొదలుపెట్టారు. రంగును గుడ్డు పచ్చసొనతో కలిపే పాత పద్ధతిని మాత్రం వదల్లేదు. బంగారు గీతను తోడేలు పంటితో మెరుగుపెడతారు. మ్‌స్త్యోరా, ఖోలుయ్ ఊళ్లవాళ్లదీ ఇదే కథ, కానీ ఒకరి చెయ్యి ఇంకొకరి చెయ్యిలా ఉండదు. మాస్కో దగ్గరి ఫెదొస్కినొలో అయితే నూనె రంగులు వాడతారు, వాటి అడుగున ముత్యపుచిప్ప పొర పెట్టి లోపలినుంచి మెరుపు తెప్పిస్తారు. నిమ్మలకుంట నాకు మొదటినుంచీ పాలెఖ్‌కు తోబుట్టువులా కనిపించింది. అడిగేవాళ్లు పోయినా పని పోకుండా కాపాడుకున్న ఊళ్లు రెండూ.

తేడా ఒకటుంది. పాలెఖ్ పెట్టె మీద సన్నటి బంగారు అక్షరాలతో ఊరి పేరు, వేసిన మనిషి పేరు ఉంటాయి. కొన్నవాడికి ఎవరి చేతి పని కొన్నాడో తెలుస్తుంది. ఆ ఊళ్లోనే పిల్లలకు ఆ విద్య నేర్పే కళాశాల కూడా ఉంది.

మన దగ్గరేం జరిగిందో చెప్తాను. ఒక మహానగరంలో పెద్ద ప్రదర్శనకు వెళ్లాను. మధ్యలో నిలువెత్తు తోలు దీపం. చూడగానే ఎవరి చేతిదో పోల్చుకున్నాను. చెవిపోగు దగ్గర అలాంటి కోత నిమ్మలకుంటలో ఒక ఇంటివాళ్లే కోస్తారు. కింద చీటీ మీద ధర ఉంది, కొలత ఉంది, నమూనా గీసిన డిజైనర్ పేరు ఉంది. చేసినవాళ్ల పేరు లేదు. అడిగితే "గ్రామీణ కళాకారులు అని రాశాం కదా సార్" అన్నారు. ఆ ఇంట్లో రంగులు వేసింది ఆ ఇంటి కోడలు. ఆమె పేరు ఆ ఇంటి గడప కూడా దాటలేదు. ఆ కోపం నాకు ఇంకా తగ్గలేదు, తగ్గకూడదని కూడా అనుకుంటున్నాను.

ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు ఉంది కదా అంటారు. ఉంది, మంచిదే. అది ప్రాంతాన్ని కాపాడుతుంది, పద్ధతిని కాపాడుతుంది. మనిషిని చెప్పదు. పేరు లేని పనికి బేరం ఒక్కటే మిగులుతుంది. ఈ దీపం ఇంత, పక్క దుకాణంలో ఇంకో వంద తక్కువ. పేరు ఉంటే ఫలానా ఆమె రంగు వేసిందే కావాలని అడిగేవాళ్లు పుడతారు. ఆమె కూతురు ఉలి పట్టాలా, హోసూరులో ఫ్యాక్టరీకి వెళ్లాలా అని ఆలోచించుకునే రోజున ఆ పేరు ఒక లెక్కలోకి వస్తుంది.

అందుకే మిమ్మల్ని గట్టిగా అడుగుతున్నాను. కెమిస్ట్రీ అమ్మాయిలూ, సీసాల్లో రంగులు రాకముందు తోలుకు ఏ చెట్టు రసం పట్టించేవారో పెద్దవాళ్ల నోట వినండి, వండి చూడండి. అది చెప్పగలిగినవాళ్లు ముసలివాళ్లైపోయారు. కామర్స్ అబ్బాయిలూ, ఒక దీపంలో తోలుకెంత, రంగుకెంత, చేతికెంత దక్కుతుందో లెక్క కట్టండి. ఉద్యోగం వచ్చేదాకా ఇంట్లో పడుకుని ఫోన్ చూస్తారు కదా, ఆ రోజులు నాకివ్వండి, విన్నదీ చూసిందీ రాసిపెట్టండి! అంతర్జాతీయ కళ మీద వ్యాసాలు దించి రాస్తారు, పక్క మండలంలో ఉలి మొన ఎన్ని రకాలో చెప్పమంటే నీళ్లు నములుతారు. మీ మీద ప్రేమ కొద్దీ తిడుతున్నాను, పట్టించుకోండి.

ఉపకులపతి గారూ, మీ గ్రంథాలయంలో ఒక బీరువా ఖాళీ చేయించండి. ఈ పిల్లలు రాసి తెచ్చే పుస్తకాలు అందులో ఉంచండి. పిల్లలూ, కళాకారుల ఇళ్లకు వెళ్లేటప్పుడు ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. మీ ప్రశ్నలకు జవాబు చెప్తూ వాళ్లు ఒక పూట పని పోగొట్టుకుంటే ఆ పూట కూలి ఇవ్వండి. రాసినదాన్ని మళ్లీ వెళ్లి చదివి వినిపించండి, తప్పుంటే దిద్దమనండి. పేరు రాయొచ్చా, రాస్తే ఎలా రాయాలి, ఇంటి పేరు ముందా వెనకా, ఎవరెవరి పేర్లు కలపాలి, ఇవన్నీ వాళ్లనే అడగండి. రంగులు వేసేవాళ్ల పేర్లు అడగడం మర్చిపోకండి.