వేధశాలల పొత్తు



మన రైతులు కార్తెలను లెక్కించి విత్తనములు చల్లుదురు. చిత్తయు స్వాతియు ఏటేట తమ కాలమునకే వచ్చును. ఆ నమ్మకముమీదనే సేద్యము నడచినది. కాని ఆకాశమున జరుగు పనులన్నియు ఇట్లు నెమ్మదిగా నడచునవి కావు. కొన్ని క్షణములో మొదలై నాలుగు దినములలో మాసిపోవును. అట్టివానిని చూచుటకు ఒక్క వేధశాల చాలదు. ఏల చాలదో, అందులకై శాస్త్రజ్ఞులు కట్టుకొన్న పొత్తు ఎట్టిదో నేడు మనవి చేసెదను.

రాత్రివేళ ఊరిబయట గడ్డివామి అంటుకొన్నదనుకొందము. మొదట చూచినవాడు కేక వేయును. ఆ కేక విని పలువురు పలుదిక్కులనుండి పరుగెత్తుదురు. కేక ఆలస్యమైనచో మిగులునది బూడిదయే. ఆకాశ విషయమునను ఇంతే.

2017వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీ, మన కాలమానమున సాయంకాలము 6 గంటల 11 నిమిషములకు అట్టి కేక యొకటి పుట్టినది. న్యూట్రాన్ నక్షత్రములను పేర వింత తారలు కలవు. సూర్యునికంటె ఎక్కువ బరువు కలిగియు, ఒక్కొక్కటి అడ్డమున సుమారు ఇరువది కిలోమీటర్లు మాత్రమే యుండు ముద్దలవి. అట్టివి రెండు ఒకదానిచుట్టు నొకటి తిరిగి తిరిగి ఢీకొనెను. ఆ తాకిడికి ముందు లేచిన గురుత్వ తరంగములను అమెరికాలో హాన్‌ఫర్డ్, లివింగ్‌స్టన్ అను రెండుచోట్ల నున్న లైగో యంత్రములు దాదాపు నూరు సెకండ్లపాటు పసిగట్టినవి. తాకిడి ముగిసి రెండు సెకండ్లయిన నిండకమునుపే ఫెర్మి అను ఉపగ్రహమునకు గామా కిరణముల మెరుపు కనబడెను. పదమూడు కోట్ల సంవత్సరములు ప్రయాణము చేసి, తరంగమును కాంతియు రెండు సెకండ్ల తేడాలో వచ్చి చేరుటచే, రెంటి వేగము ఒక్కటేయని తేలినది.

కాని ఆ తాకిడి ఆకాశమున ఏ మూల జరిగినది? ఇక్కడనే పొత్తు విలువ తెలియును. ఇటలీలోని విర్గో యంత్రమునకు ఆ తరంగము మిక్కిలి బలహీనముగా మాత్రమే తగిలెను. ప్రతి యంత్రమునకును సరిగా వినబడని దిక్కులు కొన్ని యుండును. కావున తాకిడి ఆ దిక్కులలో నొకదాన జరిగియుండవలెనని నిశ్చయించిరి. 2015లో మన శ్రీహరికోటనుండి ఎగసిన ఆస్ట్రోశాట్ ఉపగ్రహమునకును గామా మెరుపు కనబడలేదు. అప్పుడు ఆ దిక్కు దానికి భూమి చాటున నుండెను. ఆ సంగతి తెలియుటచే మెరుపును వెదకవలసిన మేర మరికొంత తగ్గినది. పంచాయతీలో “నేను చూచితిని” అనువాని మాట ఎంత ముఖ్యమో, “నేనక్కడనే యుంటిని, నాకు కనబడలేదు” అని నిజము పలుకువాని మాటయు అంత ముఖ్యమే గదా!

ఇట్లు వెదకవలసిన చోటు పూర్ణచంద్రబింబములు నూటయేబదింటికి సరిపడునంతగా కుదించుకొనిపోయెను. అది మన చిత్తానక్షత్రమునకు దక్షిణ భాగము. ఆ దినములలో సూర్యుడస్తమించిన కొన్నిగంటలకే అదియు అస్తమించును. ఉన్న వ్యవధి స్వల్పము. తాకిడి జరిగిన సుమారు పదునొకండు గంటలకు, దక్షిణ అమెరికాలోని చిలీ దేశమున చీకటి పడగానే, లాస్ కంపానాస్ కొండమీది స్వోప్ దూరదర్శినితో చూచినవారికి ఒక నక్షత్ర మండలము ప్రక్కన క్రొత్త వెలుగు కనబడెను. కొద్దిసేపటిలో మరికొందరును వేరువేరుగా దానిని కనుగొనిరి. వార్త అందిన డెబ్బదివరకు వేధశాలలు తమ చూపు నటు త్రిప్పినవి. మన పూనా సమీపమునందలి రేడియో దూరదర్శినియు అందులో పాల్గొన్నది.

ఆ వెలుగు మొదట నీలివన్నెతో నుండి, కొలదిదినములలో ఎఱ్ఱబారి క్షీణించినది. తొమ్మిదవ దినమున ఎక్స్ కిరణములును, పదునారవ దినమున రేడియో తరంగములును కనబడినవి. ఈ మార్పులనన్నిటిని కూర్చి చూడగా, బంగారము, ప్లాటినము వంటి బరువైన లోహములు ఇట్టి తాకిళ్లలో పుట్టుననుటకు గట్టి ఆధారము చిక్కినది. ఏ యొక్క వేధశాలకును ఈ కథ మొత్తము కనబడలేదు. ఫలితములను ప్రకటించిన వ్యాసమున మూడువేలకు పైగా శాస్త్రజ్ఞుల పేళ్లు కలవు.

వేధశాలల పొత్తు మనకు క్రొత్త కాదు. 1887లో పారిస్ నగరమున సమావేశమైన జ్యోతిశ్శాస్త్రజ్ఞులు ఆకాశమును పట్టీలుగా పంచుకొని ఛాయాచిత్రములు తీయ నిశ్చయించిరి. అందొక భాగమును పిదప మన హైదరాబాదు నిజామియా వేధశాల వహించి, లక్షలకొలది నక్షత్రముల స్థానములను కొలిచి అచ్చువేసినది. అది దశాబ్దముల ఓర్పుతో సాగిన పని. నేటి పనికి ఓర్పుతోపాటు తొందరయు కావలెను.

భూమి గుండ్రముగా నున్నంతకాలము ఎక్కడనో ఒకచోట తెల్లవారుచునే యుండును. ఒకరికి తెల్లవారునప్పుడు చీకటిలోనున్న మరియొకరు కావలి కాయవలెను. పడమట కానరీ దీవులకును తూర్పున ఆస్ట్రేలియాకును నడుమ మన దేశమున్నది. అందుచేతనే లడఖ్‌లోని హాన్లేయందు, నాలుగువేల మీటర్లకు పైబడిన ఎత్తున, 2018లో ఇట్టి క్షణిక దృశ్యములకై ఒక దూరదర్శినిని నిలిపిరి. మహారాష్ట్రమున హింగోలి జిల్లాలో లైగో యంత్రమును నెలకొల్పుటకు 2023లో కేంద్రప్రభుత్వము సమ్మతించినది. అది పని మొదలిడిన నాడు, కేక ఏ దిక్కునుండి వచ్చినదో మరింత త్వరగా చెప్పగలుగుదురు.

ఈ సాయంకాలము మీరు అరుగుమీద కూర్చుండి ఆకాశమును చూచునప్పుడు, మీవలెనే ఏదో యొక కొండమీద మరియొకడు మేలుకొని చూచుచున్నాడని తలంపుడు.