ఫోను దారి చెబుతుంది, తోడు ఎవరొస్తారు?

(పిఠాపురంలో పేట యువకులు, కార్యకర్తల ముందు ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



మనం భూమి గురించి మాట్లాడతాం. కూలిరేట్ల గురించి, స్మశానానికి దారి గురించి మాట్లాడతాం. కానీ మన ఇళ్ళల్లోనే తలుపేసి దాచుకునే సంగతి ఒకటుంది. దాని గురించి ఏ మీటింగులోనూ నోరు విప్పం. ఇవాళ అదే మాట్లాడదామని వచ్చాను.

ఇంటర్మీడియెట్ బాగా పాసైన కుర్రాడు ఉన్నట్టుండి కాలేజీ మానేస్తాడు. రాత్రుళ్ళు నిద్రపోడు. స్నేహితుల్తో మాటలుండవు. ఎవరూ లేనిచోట ఎవరితోనో మాట్లాడతాడు. అన్నంలో ఏదో కలిపారంటాడు. చెవిలో గొంతులు వినపడుతున్నాయంటాడు. ఇంట్లోవాళ్ళు ఏమంటారు? గాలి సోకిందంటారు. చేతబడంటారు. పెళ్ళి చేస్తే కుదురుకుంటాడంటారు. వీధిలోవాళ్ళు 'మెంటలోడు' అని పేరు పెట్టేస్తారు. ఆ పేరు పడ్డాక కుర్రాడికి వేరే పేరుండదు.

ఇది జబ్బు. డాక్టర్లు సైకోసిస్ అంటారు. ఎక్కువగా పదిహేను, ముప్ఫై ఏళ్ళ మధ్యనే మొదలవుతుంది. అంటే మన ఇంట్లో మొదటి డిగ్రీ చేతికొచ్చే వయసులో. గంజాయి తాగేవాళ్ళకి ముప్పు ఇంకా ఎక్కువ. దీనికి మందులున్నాయి. ఎంత తొందరగా మొదలెడితే అంత బాగా కోలుకుంటారు. ఆలస్యమైనకొద్దీ చదువు పోతుంది, పని పోతుంది, స్నేహాలు పోతాయి, జబ్బూ మొండికేస్తుంది.

మరి ఆలస్యం ఎంత? 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం ఇలాంటి జబ్బున్నవాళ్ళలో 75.5 శాతం మందికి వైద్యం అందడం లేదు. నలుగురిలో ముగ్గురన్నమాట. ఆ ముగ్గురిలో మన పేటల వాళ్ళు ఎంతమందో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ఫోను సంగతికొద్దాం. ఫోను ద్వారా జబ్బు పసిగట్టి, మనిషిని ఆసుపత్రి దాకా నడిపించవచ్చని ప్రపంచమంతా ప్రయత్నాలు జరుగుతున్నాయి. మన గోదావరి నేలమీదే ఒకటి జరిగింది. అప్పటి పశ్చిమ గోదావరి ఏజెన్సీలో 30 గిరిజన గ్రామాల్లో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు 'స్మార్ట్ మెంటల్ హెల్త్' అనే పథకం నడిపారు. ఆశా కార్యకర్తలు ట్యాబు పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి ప్రశ్నలడిగారు. ఎవరికి బెంగ, దిగులు, చచ్చిపోవాలన్న ఆలోచన ఉందో గుర్తించారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుకు ఏ మందు ఎప్పుడివ్వాలో ట్యాబే సలహా చెప్పింది. ఆసుపత్రికి రమ్మని జనానికి ఫోన్లో గొంతు వినిపించింది. జబ్బు సిగ్గుపడాల్సింది కాదని ఊళ్ళల్లో ప్రచారం కూడా చేశారు.

2017లో అచ్చయిన లెక్కలు వినండి. 5,007 మందిని పరీక్షిస్తే 238 మందికి ఇబ్బంది ఉందని తేలింది. వాళ్ళలో అంతకుముందు వైద్యం కోసం వెళ్ళినవాళ్ళు ఇద్దరు. ఇద్దరే! పథకం నడిచాక డాక్టరు దగ్గరికి వెళ్ళినవాళ్ళు 30 మంది.

ఇద్దరు ముప్ఫై అయ్యారంటే చిన్న విషయం కాదు. ఫోను పనికొచ్చింది. కానీ మిగతా 208 మంది మాటేమిటి? జబ్బుందని తెలిసింది, ఫలానా చోటికి వెళ్ళమని చెప్పారు, అయినా గడప దాటలేదు. కూలి పోతుందనా? తోడెవరూ లేకనా? ఊరంతా తెలిసిపోతుందనా? ఆ జవాబులు యంత్రం దగ్గర దొరకవు. మన పేటల్లో దొరుకుతాయి.

ఇంకో మాట. ఆ పథకం దిగులు, బెంగ లాంటివాటికి పెట్టింది. సైకోసిస్ ఇంకా చిక్కు. తనకు జబ్బుందని ఆ కుర్రాడే ఒప్పుకోడు. ఫోన్లోంచి నన్ను కనిపెడుతున్నారని ఆ ఫోన్నే అనుమానిస్తాడు. అలాంటివాడి చేతిలో యాప్ పెట్టి 'నొక్కరా' అంటే నొక్కుతాడా? అందుకని మొదటి ఫోను అమ్మ చెయ్యాలి. అక్క చెయ్యాలి. స్నేహితుడు చెయ్యాలి.

ఆ నంబరు రాసుకోండి: 14416. పేరు టెలి మానస్. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టింది. డబ్బు కట్టక్కర్లేదు. రాత్రీ పగలూ ఉంటుంది. తెలుగులో మాట్లాడతారు. స్మార్టుఫోను అక్కర్లేదు, బటన్ల ఫోను చాలు. ఇంటికంతటికీ ఒకటే ఫోనుండి, అదీ మగవాళ్ళ జేబులోనే ఉంటే, ఆడపిల్ల జబ్బు ఎవరు చెబుతారు? కాబట్టి ఆ ఫోను ఆడవాళ్ళ చేతికీ రావాలి.

గుడికి వెళ్ళొద్దు, చర్చికి వెళ్ళొద్దు అనను. ప్రార్థన చేయించండి, మాత్రా వేయించండి. కొట్టడం, కట్టెయ్యడం మాత్రం కుదరదు. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో మంటలంటుకుంటే, గొలుసులతో కట్టేసి ఉంచిన 28 మంది పారిపోలేక చచ్చిపోయారు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. ప్రభుత్వ ఖర్చుతో వైద్యం పొందడం ప్రతి మనిషి హక్కంది. అందులో కులం పేరుతో తేడా చూపకూడదని రాసే ఉంది. జబ్బు సంగతి గుట్టుగా ఉంచాలనీ ఉంది. ట్యాబులో మన పిల్లల సంగతి రాసుకునేవాళ్ళని 'ఇది ఎవరెవరు చూస్తారు?' అని అడిగే హక్కు మనకుంది.

ఇప్పుడు మనం చెయ్యాల్సిన పనులు చెబుతాను.

ఒకటి, ప్రతి పేటలో ఇద్దరు ముందుకు రావాలి, ఒక ఆడ, ఒక మగ. ఏ ఇంట్లో పిల్లాడు ముడుచుకుపోయినా వాళ్ళు వెళ్ళి పలకరించాలి.

రెండు, కాకినాడ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. మొదటిసారి వెళ్ళేటప్పుడు ఈ ఇద్దరిలో ఒకరు బస్సెక్కి తోడు వెళ్ళాలి. చీటీ రాయించాలి, లైన్లో నిలబడాలి.

మూడు, నెమ్మదించింది కదాని మాత్రలు ఆపేస్తే జబ్బు తిరగబెడుతుంది. డాక్టరు చెప్పేదాకా ఆపకూడదు. మాత్రలు మన దగ్గరి ఆసుపత్రిలోనే దొరికేలా అర్జీలు పెడదాం.

నాలుగు, వికలాంగుల హక్కుల చట్టం, 2016లో మానసిక జబ్బు కూడా ఉంది. జబ్బు ముదిరి పని చేసుకోలేనివాళ్ళకి సర్టిఫికెట్ కోసం, ఫించను కోసం తిరుగుదాం.

అయిదు, 'పిచ్చోడు', 'మెంటలోడు' అన్న మాటలు మన నోట రాకూడదు. కులం పేరుతో తిడితే ఎలా ఉంటుందో మనకంటే తెలిసినవాళ్ళెవరు? ఆ నొప్పి తెలిసిన మనం ఇంకో మనిషికి అలాంటి పేరే తగిలిస్తామా?

ఫోను దారి చెబుతుంది. నడిపించాల్సింది మనం. ఇక్కడున్న మీ అందరికీ ఇలాంటి ఇల్లు ఒక్కటైనా తెలుసు. రేపు పొద్దున్నే ఆ తలుపు తట్టండి.

జై భీమ్.