మందు బిళ్ళ – మన నమ్మకం
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. ముప్పై ఏళ్ళుగా మందుల షాపులో కూర్చున్నవాణ్ణి. ఒకరోజు మా వీధి పెద్దాయన ఒకరు కొడుకు మందుచీటీ పట్టుకొచ్చి, "భాయ్, ఈ మనసు జబ్బు మందులన్నీ కంపెనీల మోసమటగా? మావాడు వారం కిందట మానేశాడు. అప్పటినుంచి నిద్ర లేదు, తల తిరుగుడు, ఒకటే చిరాకు" అన్నారు. వెంటనే డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళమన్నాను. మోసం సంగతి మాత్రం చెప్పలేకపోయాను. ఆ జవాబు ఈ సభలో చెబుతాను.

ఆయన అనుమానం ఊరికే పుట్టలేదు. పరోక్సెటిన్ అనేది డిప్రెషన్‌కు, అంటే దిగులు జబ్బుకు ఇచ్చే మందు. దాన్ని తయారుచేసిన కంపెనీ అమెరికా, కెనడాలలో 275 మంది కుర్రవాళ్ళమీద, ఆడపిల్లలమీద పరీక్ష జరిపించింది. మందు బాగా పనిచేస్తుంది, భయం లేదు అని 2001లో ఒక వైద్య పత్రికలో వ్యాసం వచ్చింది. 2015లో వేరే పరిశోధకులు అవే కాగితాలు తిరగేసి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. ఆ పిల్లలకు మందులేని ఉత్తుత్తి బిళ్ళకంటే ఎక్కువ మేలు జరగలేదు, పైగా ఆత్మహత్య ఆలోచనలవంటి హాని పెరిగింది అని తేలింది. ఈలోగా 2004లో న్యూయార్కు రాష్ట్రం వేసిన దావాలో కంపెనీ 25 లక్షల డాలర్లు కట్టి, ఇకపై పరీక్షల ఫలితాలు బయటపెడతామని రాజీపడింది. 2012లో, ఈ మందును 18 ఏళ్ళలోపు వారికి చట్టవిరుద్ధంగా ప్రచారం చేసిన నేరంతోసహా పలు కేసులకు కలిపి 300 కోట్ల డాలర్లు చెల్లించింది.

ఇది ఒక్క కంపెనీ కథ కాదు. అమెరికా ప్రభుత్వ మందుల శాఖ దగ్గరున్న 74 డిప్రెషన్ మందుల పరీక్షలను 2008లో కొందరు లెక్కతీశారు. మంచి ఫలితమిచ్చినవి 38. వాటిలో 37 అచ్చయినాయి. మిగతా 36లో ఉన్నదున్నట్టు అచ్చయినవి మూడే! 22 అచ్చే కాలేదు, 11 మంచి ఫలితం వచ్చినట్టు అచ్చయినాయి. కొట్టువాడు తక్కెడలో ఒక్క పళ్ళెమే చూపించి, రెండోది చేతితో మూసేసినట్టు లేదూ? ఆ పత్రికలు చదివి చీటీ రాసే డాక్టరుగారూ మోసపోయినట్టే.

మరి మందులన్నీ పారేయాలా? కూడదు. దొరికినంతవరకు అచ్చుకాని లెక్కలు కూడా కలిపి 522 పరీక్షలు పరిశీలిస్తే, పెద్దవాళ్ళలో 21 డిప్రెషన్ మందులూ ఉత్తుత్తి బిళ్ళకంటే మెరుగేనని 2018లో లాన్సెట్ పత్రికలో తేలింది. మేలు అద్భుతమేమీ కాదు, అబద్ధమూ కాదు. మొదటినుంచీ ఈ మాటే చెప్పివుంటే ఇంత అపనమ్మకం ఉండేది కాదు. దాచడంవల్లనే పనికొచ్చే మందుకూడా అనుమానం పాలయింది. ఆ నష్టం కంపెనీకి జరిమానా. మనకు మాత్రం ఇంట్లో బిడ్డ.

మన దేశంలోనూ కొంత దారి ఏర్పడింది. మందుల పరీక్షలను ముందుగానే నమోదు చేసే జాతీయ రిజిస్ట్రీ 2007లో వచ్చింది, 2009లో నమోదు తప్పనిసరి అయింది. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం జబ్బేమిటో, ఇచ్చే చికిత్స ఏమిటో, తెలిసిన దుష్ఫలితాలేమిటో రోగికి అర్థమయ్యే భాషలో చెప్పాలి. ఇది దయ కాదు, హక్కు.

కనుక, అమ్మలారా, అయ్యలారా! డాక్టరుగారిని మర్యాదగానే అడగండి: ఈ మందు ఎందుకు? ఎన్నాళ్ళు? ఏ ఇబ్బంది రావచ్చు? ఎలా మానాలి? కుర్రవయసు వారికి మందు మొదలుపెట్టినా, మోతాదు మార్చినా కొన్ని వారాలు కనిపెట్టి ఉండండి. ఇబ్బంది కలిగితే 1800-180-3024కు తెలపండి. మనసు బాగోలేకపోతే 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడవచ్చు. అంతేగాని, ఎవరో అన్నారని ఒక్కసారిగా మానేయకండి.

నమ్మమని అడిగితే నమ్మకం రాదు. లెక్క చూపిస్తే వస్తుంది. ఆ లెక్క అడగడం మన వంతు.

సెలవు.