మన వృద్ధమాతలు - సంఘ బాధ్యత
(స్త్రీల మైత్రి కూటములో చేసిన ప్రసంగము)



మనము కూడుకొన్న ఈ మాసబ్ ట్యాంకుకు ఆ పేరు ఒక తల్లి వలన వచ్చినది. జనులు 'మా సాహెబా' అని పిలుచుకొన్న హయాత్ బక్షీ బేగం పేరిట ఉన్న చెరువే వాడుకలో మాసబ్ ట్యాంక్ అయినది. 1656లో ఔరంగజేబు గోల్కొండపైకి వచ్చినప్పుడు, వయసు మళ్లిన ఆ రాజమాత స్వయముగా అతని శిబిరమునకు వెళ్లి సంధి మాట్లాడినది. ఆమెకు ధైర్యమున్నది. అయితే వెంట నడిచే పరివారము, ఆమె మాటకు విలువనిచ్చే కొలువు కూడ ఉన్నవి.

మరి మన పెద్దమ్మల సంగతి? మా సంఘములో ఒక తల్లి కొన్ని నెలలు ఆరాధనకు రాలేదు. భక్తి చల్లారినదేమో అనుకొన్నాను. ఇంటికి వెళ్లి అడిగితే, "అయ్యగారూ, ప్రార్థన మానలేదండి. ఆ రోడ్డు దాటలేను. గుడి మెట్ల దగ్గర పట్టుకోవడానికి ఏమీ లేదు" అన్నది. నేను సిగ్గుపడ్డాను. లోపము ఆమె విశ్వాసములో లేదు, మా మెట్లలో ఉన్నది.

వార్ధక్యము మోకాళ్లలోనే ఉండదు. వీధిలోను, ఇంటిలోను, తోటివారి మనసులోను ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో చురుకైన వార్ధక్యమును గురించి చెప్పుచు, ఆరోగ్యము, భద్రతలతోపాటు నలుగురిలో పాలుపంచుకొనుటను కూడ ఒక స్తంభముగా పేర్కొన్నది. 2023 డిసెంబరులో మన రాష్ట్రములో స్త్రీలకు ఆర్.టి.సి. బస్సు ప్రయాణము ఉచితమైనది. మంచిదే. కాని ఎత్తైన బస్సు మెట్టు ఎక్కించుటకు ఒక చేయి కావలెను గదా!

లూకా సువార్తలోని అన్న ప్రవక్త్రిని తలంచుడి. ఎనుబది నాలుగేండ్ల విధవరాలు. దేవాలయములో ఆమెకు చోటున్నది, చేయుటకు సేవ ఉన్నది, చెప్పుటకు సాక్ష్యమున్నది. యెరూషలేములో అనుదిన పరిచర్యయందు కొందరు విధవరాండ్రను చిన్నచూపు చూచినప్పుడు, ఆదిసంఘము జాలిపడి ఊరుకొనలేదు; ఏడుగురిని నియమించి ఏర్పాటు చేసినది.

మేమును మెట్లకు ఇనుప కమ్మీ పెట్టించితిమి. ఆదివారము ఇద్దరు యువకులు తల్లులను రోడ్డు దాటించి తీసికొని వచ్చుచున్నారు. ఆ తల్లి తిరిగి వచ్చిన రోజే, "నాకేమి పని చెప్తారు?" అని అడిగినది. ఇప్పుడు సండే స్కూలు పిల్లలకు కీర్తనలు నేర్పుచున్నది.

క్రిస్మసుకు చీరె ఇచ్చి, ఫొటో తీయించుకొని పంపించుటతో మన బాధ్యత తీరదు. ఈ శతాబ్ది సంవత్సరములో మీ వీధిలో గుడికి రావడము మానిన తల్లి ఎవరో చూడుడి. ఎందుకు రాలేదని నిలదీయక, ఏది అడ్డమైనదని అడుగుడి. ఆ అడ్డు తీసివేయుడి. తరువాత ఆమెకొక పని అప్పగించుడి.

ప్రభువు మనకు అట్టి మనసు దయచేయును గాక. ఆమేన్.