విత్తనం తీసే మనిషి రైతు కాదా?

(మహిళా సంఘాల కార్యకర్తల శిక్షణా తరగతులలో చేసిన ప్రసంగ పాఠం)



వ్యవసాయంలో స్త్రీల గురించి మాట్లాడేటప్పుడు మనం సాధారణంగా వరి నాట్లు, పత్తి ఏరటం, మిర్చి కోతల గురించి మాట్లాడతాం. ఇవాళ నేను బంతి విత్తనం గురించి మాట్లాడదలచాను. ఇంత చిన్న విషయమా అని మీలో కొందరికి అనిపించవచ్చు. సొంత సేద్యం చేసుకునే కుటుంబంలో పని ఎవరిది, నిర్ణయం ఎవరిది, పేరు ఎవరిది అనే మూడు ప్రశ్నలూ ఈ గింజ దగ్గర కలుస్తాయి. అందుకే దీన్ని ఎంచుకున్నాను.

హైదరాబాదు చుట్టుపక్కల చేవెళ్ల, మొయినాబాద్, శంషాబాద్ ప్రాంతాలలో చిన్న కమతాల వాళ్లు పూలు పండించి గుడిమల్కాపూర్ మార్కెట్టుకు పంపుతుంటారు. చాలామంది హైబ్రిడ్ విత్తనమో, నర్సరీ నారో కొంటున్నారు. నాటు బంతి విత్తనాన్ని ఇంట్లోనే తీసుకునే కుటుంబాలు కూడా ఉన్నాయి. అలాంటి ఒక ఇంట్లో, ఎకరం లోపు తోటలో, నేను చూసిన పని క్రమం చెబుతాను.

పూలు విచ్చుకునే రోజుల్లోనే ఆ ఇంటి ఇల్లాలు సాళ్ల వెంట తిరిగి మొక్కలు ఎంచుతుంది. పువ్వు ముద్దగా, రంగు నిండుగా ఉండాలి, తెగులు ఉండకూడదు. ఎంచిన వాటికి పాత చీర పేలికలు కడుతుంది. తేనెటీగలు ఒక మొక్క పుప్పొడిని మరో మొక్కకు చేరవేస్తాయి కనుక పసుపు బంతి, నారింజ బంతి దగ్గరగా ఉంటే రంగులు కలిసిపోతాయి. అందుకని ఆమె మడి అంచు మొక్కలను వదిలి నడిమి మొక్కలకే పేలిక కడుతుంది. పరపరాగ సంపర్కం అన్న మాట ఆమె ఎన్నడూ విని ఉండదు, పని మాత్రం క్షుణ్ణంగా తెలుసు.

పేలిక కట్టిన మొక్కల పూలు కోయకూడదు. రేకులు వాడి ఎండి, కింది పచ్చని గిన్నె గోధుమరంగుకు తిరిగేదాకా మొక్కనే ఉంచాలి. తొందరపడితే గింజ తాలుపోతుంది. ఆలస్యమై వాన పడితే బూజు పడుతుంది. మంచు ఆరాక ఎండు పూలు తుంచి, గోనెపట్టాల మీద పల్చగా పరిచి కొన్ని రోజులు నీడలో ఆరబెడుతుంది. ఆ తర్వాత అరచేతుల మధ్య నలిపి, చాటతో మెల్లగా చెరిగి, పొట్టూ తాలూ వేరు చేస్తుంది. చివరికి మిగిలేది ఒక కొస నల్లగా, మరో కొసన ఎండుగడ్డి రంగు కుచ్చుతో ఉండే సన్నని గింజ. గ్రాముకు సుమారు 300 గింజలు తూగుతాయి కాబట్టి గాలి వీచే చోట చెరగటానికి వీల్లేదు. గుడ్డ సంచిలో వేపాకు వేసి మూటకట్టి కుండలో దాస్తుంది. పాతబడేకొద్దీ మొలక తగ్గుతుంది కనుక ఏటా ఈ పని చేయవలసిందే. నారు పోసే ముందు పది గింజలు తడిగుడ్డలో కట్టి ఎన్ని మొలిచాయో చూసుకుంటుంది.

ఇదంతా ఆమె ఎప్పుడు చేస్తుంది? వంట, పాడి, కూలి పని అయ్యాక. అందుకే ఇది పనిగా లెక్కకు రాదు. 'ఇంట్ల కూసోని చేసుకుంటది' అన్నాడు ఆమె భర్త. ఆమెను అడిగితే, 'విత్తనం నేనే తీస్త బిడ్డా. రైతు అంటే ఆయనే గద, పాసుబుక్కు ఆయన పేరు మీదనే ఉన్నది' అంది.

అసలు ఘర్షణ దసరా, దీపావళి రోజుల్లో వస్తుంది. పువ్వు ధర బాగా పెరిగేది అప్పుడే. సరిగ్గా అప్పుడే విత్తనపు మొక్కలను ముట్టకుండా వదలాలి. అన్నీ కోసి అమ్ముదామని భర్త అంటాడు. 'ఇయ్యాల అన్ని కోస్తే వచ్చేడు విత్తనానికి పైసలు ఎవలిస్తరు?' అని ఆమె అంటుంది. నేను చూసిన ఏడాది ఆమె నలభై మొక్కలు అడిగితే ఇరవై మిగిలాయి. ఏటా కొద్ది మొక్కల నుంచే విత్తనం తీస్తే రకం క్షీణిస్తుందని ఆమెకు తెలుసు. నిర్ణయాధికారం ఆమెది కాదు. మిగిలిన నారు అమ్మిన డబ్బు కూడా ఆమె చేతికి రాలేదు.

స్త్రీలు ప్రకృతికి దగ్గర కాబట్టి విత్తనాలను కాపాడతారని కొందరు కీర్తిస్తారు. ఆ కీర్తన నాకు ఇబ్బందిగా ఉంటుంది. పితృస్వామ్య కుటుంబంలో శ్రమ విభజన ఆమెకు ఈ పని అప్పగించింది. చేసీ చేసీ ఆమె జ్ఞానం సంపాదించింది. భూమి మీద స్వతంత్ర హక్కు లేకుండా స్త్రీల స్థితి మారదని బీనా అగర్వాల్ 1994లో వచ్చిన తన గ్రంథంలో వాదించింది ఇందుకే. హైబ్రిడ్ విత్తనం కొంటే ఆమెకు కొంత చాకిరీ తగ్గే మాట నిజమే. అయితే హైబ్రిడ్ మొక్కల గింజ తీసి వేస్తే మరుసటి పంట ఒక్కో మొక్క ఒక్కో తీరుగా వస్తుంది కాబట్టి ప్రతిసారీ కొనాలి. కొనటానికి దుకాణానికి వెళ్లేది భర్త. ఏ రకం వేయాలన్న విషయంలో ఆమెకున్న కాస్త మాట కూడా అక్కడితో పోతుంది.

చట్టం ఏమంటోంది? 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం రైతును నిర్వచిస్తూ పట్టా ప్రస్తావన తేలేదు. స్వయంగా భూమి సాగుచేసే వ్యక్తి రైతు. సంప్రదాయ రకాలను ఒంటరిగా గాని, ఇతరులతో కలిసి గాని కాపాడే వ్యక్తి, మేలైన లక్షణాలను గుర్తించి ఎంపిక చేసి వాటి విలువ పెంచే వ్యక్తి కూడా రైతే. పేలిక కట్టే ఆ చెయ్యి చేస్తున్నది ఈ పనే. అదే చట్టంలోని 39వ సెక్షను విత్తనాన్ని దాచుకునే, తిరిగి విత్తుకునే, ఇచ్చిపుచ్చుకునే, అమ్ముకునే హక్కు రైతుకు ఇచ్చింది. బ్రాండు పేరుతో అమ్మకూడదన్నదే షరతు.

ఆచరణ వేరుగా ఉంది. 2015-16 వ్యవసాయ గణనలో స్త్రీల పేరున నమోదైన కమతాలు సుమారు 14 శాతమే. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు పాసుబుక్కునే చూసింది. భార్యకు, కౌలు చేసే స్త్రీకి అందులో చోటు లేకపోయింది. గ్రామసభ ఆమోదంతో మహిళా రైతు ధ్రువపత్రం ఇవ్వాలంటూ ఎం.ఎస్.స్వామినాథన్ 2012లో రాజ్యసభలో ప్రవేశపెట్టిన ప్రైవేటు బిల్లుకు 2013లో కాలం చెల్లింది.

కాబట్టి మనం చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి. సర్వే చేసేటప్పుడు 'మీ ఇంట్లో రైతు ఎవరు?' అని అడగవద్దు. విత్తనం ఎవరు ఎంచారు, ఎవరు ఎండబెట్టారు, ఎవరు దాచారు, అమ్మితే డబ్బు ఎవరి చేతికి వచ్చింది అని విడివిడిగా అడిగి రాసుకోండి. సంఘాలలో విత్తనాల రిజిస్టరు పెట్టి, తీసిన స్త్రీ పేరు, రకం, ఏడాది నమోదు చేయండి. జహీరాబాదు ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ దళిత మహిళా సంఘాలు చిరుధాన్యాల విత్తనాలను ఉమ్మడిగా కాపాడుకుంటూ వచ్చాయి. 2019లో ఆ సంస్థకు ఐక్యరాజ్య సమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. పూల విత్తనానికి ఆ పద్ధతి ఎందుకు పనికిరాదు? అన్నిటికీ మించి పట్టాలో భార్య పేరు చేర్చాలన్న డిమాండును వదలవద్దు. భర్త పోయిన మర్నాడు ఆ తోట ఎవరిదన్న ప్రశ్న వస్తుంది. అప్పుడు ఆమె చేతిలో కుండలోని గింజలతో పాటు ఒక కాగితం కూడా ఉండాలి.